సముద్రము దాటిన నెత్తుటిచుక్క

బేగంపేటలో పాత విమానాశ్రయమునకు చేరువగా, ఒకప్పుడు సికిందరాబాదు దండుకు చెంది, నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయపు పరాన్నజీవిశాస్త్ర సంస్థగా సర్ రోనాల్డ్ రాస్ పేరును మోయుచున్న పాత కట్టడమొకటి కలదు. 1897 ఆగస్టు నెలలో, గాలి విసరినచో విప్పి పరచిన దోమలు ఎగిరిపోవునను భయముచే పంకాను సైతము ఆపించి, చెమటకు మరలు త్రుప్పుపట్టి కంటికటకము పగిలిన సూక్ష్మదర్శినిపై గంటల తరబడి వంగి, సైనికవైద్యుడగు రాస్ దోమల కడుపులను చీల్చి చూచుచుండెను. ఆ దోమలు త్రాగినది ఒక చలిజ్వరపు రోగి నెత్తురు. ఆగస్టు 16వ తేదీన ఆ రోగిని దోమతెరలో పరుండబెట్టి, పది దోమలచే కుట్టించి, దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున పది అణాలు ముట్టజెప్పినారు. నాలుగు దినములు గడచి 20వ తేదీ వచ్చునప్పటికి మిగిలియున్న ఒకటి రెండు దోమలలో, ఒకదాని జీర్ణాశయపు గోడలో, నల్లని రంగుపొడి చుక్కలు గల గుండ్రని కణములు రాస్ కంటబడినవి. మరునాడు చీల్చిన దోమలో అవే కణములు మరికొంత పెరిగి కనుపించినవి. మలేరియా క్రిమి దోమ శరీరమున నివసించునని మొదటిసారి తెలిసిన ఘడియ అదియే.

అయితే ఒక్కని కన్ను చూచినంతమాత్రమున అది శాస్త్రము కాజాలదు. అందులోను పగిలిన కటకము గుండ చూచినది. రాస్‌కు మలేరియా క్రిమిని మొదట చూపినవాడును, దోమను శంకింపుమని దారిచూపినవాడును అగు గురువు పాట్రిక్ మాన్సన్ లండనులో నుండెను. ఆ యిరువురి నడుమ 1895 మొదలు 1899 వరకు నడచిన ఉత్తరములు నూటికి మించినవి. రోగుల జ్వరములు, నెత్తుటిలో కనబడిన క్రిముల రూపములు, దోమల వర్ణనలు, ఆశలు, విసుగులు అన్నియు ఆ కాగితములపైకెక్కి బొంబాయి ఓడరేవు మీదుగా సముద్రము దాటిపోయినవి. ఉత్తరములే కాక, దోమకడుపును అతికించిన గాజుపలకలును పోయినవి. వానిని పరీక్షించిన లండను వైద్యుల అభిప్రాయములతో కూడ, 1897 డిసెంబరు 18నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాస్ వ్యాసము వెలువడెను. ఇప్పటి పరిభాషలో చెప్పవలెనన్నచో, రోగుల ఆరోగ్యసమాచారము పరిశోధనార్థమై దేశపు ఎల్లలు దాటెను. దాటినందువలననే అది నమ్మదగినదాయెను.

ఆ పది అణాల మనిషి పేరు కూడ దాటెను. రాస్ 1923లో అచ్చువేయించిన స్మృతిగ్రంథమున అది ఉన్నది. అటుపిమ్మట మలేరియా చరిత్రను వ్రాసిన ప్రతివాడును దానిని ఎత్తి వ్రాసినాడు. నా పేరు వ్రాయవచ్చునని గాని వ్రాయగూడదని గాని ఆతడు చెప్పిన జాడ లేదు. చలిజ్వరము సిగ్గుపడవలసిన రోగము కాదు గనుక ఆతనికి కలిగిన నష్టమేమని అడుగవచ్చును. ఆ స్థానమున క్షయ ఉన్నదనుకొనుడు, కుష్ఠు ఉన్నదనుకొనుడు, ఎయిడ్స్ ఉన్నదనుకొనుడు. పెండ్లి కావలసిన ఆడపిల్ల మానసికవ్యాధి ఉన్నదనుకొనుడు. ఇంటిగుట్టు లంకకు చేటని మనవారు ఊరక అనలేదు. విషయము సముద్రము దాటవలెను, మనిషి మాత్రము తన యింటి గడప దాటరాదు: ఈ రెండును ఏకకాలమున సాధించుట యెట్లన్నదే ఈనాటి గణనశాస్త్రజ్ఞులను, న్యాయవేత్తలను, వైద్యులను ఒక్క బల్లచుట్టు కూర్చుండబెట్టిన చిక్కు.

సికిందరాబాదు స్టేషను నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయము వైపు పోవువారికి తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఎదురగును. ఈ సంస్థవారు 1987 నుండి 1990 వరకు హైదరాబాదు చేరువ పల్లెలలో ఒక పరీక్ష జరిపినారు. ఇరువదితొమ్మిది గ్రామములలో పదునైదింట గర్భిణులకును, చిన్నబిడ్డలకును మొక్కజొన్న సోయా మిశ్రమముతో చేసిన ఉప్మాను పెట్టినారు. తక్కిన పదునాలుగింట పెట్టలేదు. పుట్టిన బిడ్డల బరువు చూచుటకై మొదలైన ఈ పని అంతటితో ముగిసియుండవలసినదే. కాని పదునైదేండ్ల తరువాత, లండను పరిశుభ్రతా ఉష్ణమండలవైద్య కళాశాల పరిశోధకులతో కలసి, 2003-05లో ఆ బిడ్డలనే మరల వెదకి పట్టుకొన్నారు. తల్లి కడుపులోను పసితనమునందును ఆ ఉప్మాఫలము పొందిన పిల్లలు తక్కినవారికంటె సగటున 14 మిల్లీమీటర్ల పొడవు ఎక్కువగా నుండిరనియు, వారి దేహములు ఇన్సులినుకు మెరుగుగా స్పందించుచుండెననియు, ధమనుల బిరుసుదనము తక్కువగా నుండెననియు 2008లో ప్రకటించినారు. పిమ్మట తల్లిదండ్రులను, తోబుట్టువులను కలుపుకొని 2010-12 నాటికి ఈ పరిశీలనలో ఇంచుమించు 6,225 మందిని పరీక్షించినారు. ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ అని దీనికి పేరు. రాష్ట్రము పేరు మారినది గాని అధ్యయనము పేరు మారలేదు.

గంగాళములోని ఉప్మాకును, పదునైదేండ్ల పిమ్మటి ధమనికిని గల సంబంధమును కనుగొనుటకు తార్నాక ఒక్కటియే చాలదు. ఇట్టి ప్రశ్నలకు వేలకొలది మనుష్యుల కొలతలు కావలెను. మనదేశపు పల్లెలో కనబడినది ఆఫ్రికా పల్లెలోను, దక్షిణ అమెరికా పల్లెలోను కనబడునా యని పోల్చిచూడవలెను. అరుదైన వ్యాధుల విషయమున నైతే, ఒక్కొక్క దేశమున పదిమంది రోగులు మాత్రమే యుందురు. ఆ పదుగురిని పదిదేశములనుండి కలిపి చూచినగాని మందు పని చేసినదో లేదో చెప్పజాలము. కనుక దాచుకొని కూర్చుండుట ధర్మము కాదు. అట్లని మూటగట్టి పంపుటయు ధర్మము కాదు.

పేరు కొట్టివేసి పంపినచో చాలునుగదా యని తోచుట సహజము. ఈ భ్రమను 1997 ప్రాంతమున అమెరికాలో లతాన్యా స్వీనీ అను విద్యార్థిని చక్కగా విడగొట్టినది. మాసచూసెట్స్ ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి వివరములను పేర్లు తీసివేసి పరిశోధకులకు ఇచ్చినారు. గోప్యతకు భంగము లేదని ఆ రాష్ట్రపు గవర్నరు విలియం వెల్డ్ భరోసా ఇచ్చినాడు. ఆమె ఇరువది డాలర్లు పెట్టి కేంబ్రిడ్జి పట్టణపు ఓటర్ల జాబితా కొన్నది. గవర్నరు పుట్టినతేదీనాడే పుట్టినవారు అందులో ఆరుగురు. వారిలో మగవారు ముగ్గురు. ఆతని తపాలాసంఖ్య గలవాడు ఒక్కడే. భరోసా ఇచ్చిన పెద్దమనిషి ఆసుపత్రి చీటీయే ముందుగా దొరికిపోయెను.

మన పల్లెలో ఇంత శ్రమ కూడ అక్కరలేదు. ఇబ్రహీంపట్నము దిక్కున ఒక గ్రామమున, నలుబదియైదేండ్ల వయస్సు గల, ఐదుగురు ఆడపిల్లల తల్లియై, పాలకేంద్రము నడుపు ఇల్లాలు అని వ్రాసినచో, పేరు వ్రాయలేదని సంతోషించువాడు పట్నపువాడు. ఆ ఊరి చిన్నపిల్లవాడు సైతము ఆమె వాకిటికి నడిపించుకొని పోగలడు. ఇక సమ్మతిపత్రము సంగతి. చదువురాని తల్లిచే గోప్యత పాటింతుమను మాటక్రింద వేలిముద్ర వేయించుకొందురు. పేరును దాచుటకై వ్రాసికొన్న కాగితముమీదనే, చచ్చువరకు మారని గుర్తును తీసికొనుట! ఈ వింతను గూర్చి నేను తరచు తలపోయుచుందును.

డీఎన్ఏ విషయమున చిక్కు మరింత లోతైనది. ప్రపంచములోని వివిధ జనసమూహముల జన్యువులను సేకరించి 2015లో ముగించిన వేయి జీనోముల ప్రణాళికలో 2,504 మంది ఉన్నారు. వారిలో 102 మంది బ్రిటనులో నివసించు తెలుగువారు. ఆ వివరములు ఎవరైనను దింపుకొని చదువుకొనవచ్చును. అట్టి బహిరంగతకు దాతలు సమ్మతించియే యిచ్చినారు. వారి పేర్లు గాని, వ్యాధుల చరిత్ర గాని అందులో లేవు. అయినను 2013లో యానివ్ ఎర్లిక్ అను శాస్త్రవేత్తయు ఆతని సహచరులును చేసిన పని చూడుడు. తండ్రినుండి కొడుకునకు వై క్రోమోజోము ఏ దారిన సంక్రమించునో, పాశ్చాత్యులలో ఇంటిపేరును ఆ దారినే సంక్రమించును. వంశవృక్షములను వెదకుకొనువారు తమ వై క్రోమోజోము గుర్తులను ఇంటిపేర్లతోసహా అంతర్జాలమున ఉంచుట అచ్చట వాడుక. ఈ రెంటిని జతపరచి, పేరులేని అమెరికా దాతలలోను వారి బంధువులలోను దాదాపు ఏబదిమంది ఎవరో వారు పోల్చుకొన్నారు. ఇంటిపేరునకు తోడు గోత్రమును కూడ తరతరములుగ తండ్రివైపునుండియే మోసికొని వచ్చు తెలుగువారికి ఈ కథ దూరపుకథ కాదు.

మరియొక చిక్కు వ్యక్తిని దాటి కులమును తాకును. తార్నాకకు ప్రక్కనే హబ్సిగూడలో నున్న సీసీఎంబీ (కణ, అణుజీవశాస్త్ర కేంద్రము) శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్‌లును, హార్వర్డుకు చెందిన డేవిడ్ రైక్ మొదలగువారును కలసి 2009 సెప్టెంబరులో నేచర్ పత్రికయందు భారతజనుల పూర్వచరిత్రపై ఒక వ్యాసము ప్రకటించినారు. ఇరువదియైదు సమూహములకు చెందిన 132 మంది జన్యువులు దానికి ఆధారము. వేల సంవత్సరములుగ తమలో తామే పెండ్లాడిన సమూహములలో కొన్ని అరుదైన లక్షణములు గూడుకట్టుకొనియుండునని అందు తేలినది. తెలుగునాట వైశ్యసముదాయమున కొందరికి, శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకిచ్చు సక్సినైల్‌కోలిన్ మందును దేహమున విరిచివేయు ఎంజైము లోపించియుండుట మత్తువైద్యులెరిగినదే. ఇతరులకు నిమిషములలో తీరిపోవు మందు వీరిలో గంటల తరబడి నిలిచి, ఊపిరికండరములను కదలనీయదు. ఈ జ్ఞానము ప్రాణములు కాపాడును. మత్తువైద్యుడు ముందుగా ఒక్కమాట అడిగినచో చాలును. కాని అదే జ్ఞానము బీమావ్యాపారి చేతబడినచో ఏమగును? నెత్తురు ఇచ్చినవాడు ఒక్కడు, ముద్రపడినది నెత్తురు ఇయ్యని లక్షలమందికి. వారి సమ్మతి ఏ కాగితముమీద తీసికొందుము? దీనికి గణితమున సమాధానము లేదు.

గణితమునకు చేతనైన సమాధానములు మాత్రము మిక్కిలి సొంపైనవి. మొదటిది పాత గ్రంథాలయముల రీతి. తాళపత్రగ్రంథమును ఇంటికి ఇయ్యరు. నీవే అక్కడికి పోయి, పాలకుని కంటియెదుట కూర్చుండి, కావలసినది వ్రాసికొని రావలెను. అట్లే వైద్యసమాచారమును ఒక కట్టుదిట్టమైన సర్వరులో నుంచి, పరిశోధకుని దూరమునుండి లోనికి రానిత్తురు. ఆతడు లెక్కలు వేసికొనవచ్చును గాని ఒక్క వరుసయైనను వెలికి తీసికొనిపోజాలడు. తేలిన పట్టికను మరియొకరు పరిశీలించిన పిమ్మటనే బయటికి విడుతురు. రెండవ రీతిలో పరిశోధకుడు అసలు లోనికే రాడు. ఆతని ప్రశ్న వచ్చును. లండనులోని వాడు తన గణనక్రమమును సికిందరాబాదుకు, నైరోబీకి, లీమాకు పంపును. ప్రతిచోట అది అక్కడి సమాచారముపై నడచి, సగటులు, మొత్తములు మాత్రమే తిరిగివచ్చును. దీనిని ఫెడరేటెడ్ విశ్లేషణ యందురు.

ఆ మొత్తములను సైతము చెప్ప నిష్టపడని ఆసుపత్రులు ఉండవచ్చును. ఐదు ఆసుపత్రులు తమ తమ రోగుల సంఖ్యను ఒండొరులకు తెలియనీయక మొత్తము కట్టవలెననుకొనుడు. మొదటివానికి 12 మంది. వాడు తన మనసులో 500 అను సంఖ్యను తలచుకొని, దానికి 12 కలిపి 512 అని చీటీవ్రాసి రెండవవానికిచ్చును. వాడు తన 30 కలిపి 542 అనును. మూడవవాడు 8 కలిపి 550, నాలుగవవాడు 21 కలిపి 571, ఐదవవాడు 9 కలిపి 580. చీటీ తిరిగి మొదటివానిని చేరును. వాడు తన గుట్టుసంఖ్యను తీసివేసి 80 అని ప్రకటించును. ఎవని సంఖ్య ఎవనికిని తెలియలేదు, మొత్తము అందరికిని తెలిసినది. అయితే రెండవవాడును నాలుగవవాడును కుమ్మక్కయినచో, పంపిన 542కును అందిన 550కిని తేడా చూచి నడిమివాని 8ని పట్టివేయుదురు. అందుచేత చీటీని ఒక్కదారిన పంపక, ప్రతివాడును తన సంఖ్యను ముక్కలు చేసి తక్కినవారికి పంచుట మేలు. 12ను 700, 250, వీనినుండి తీసివేయవలసిన 938 అని మూడుముక్కలుగా విరిచినచో, ఏ ఒక్క ముక్కయు, ఏ రెండు ముక్కలును అసలు సంఖ్యను బయటపెట్టవు. రహస్యమును పంచి దాచు విద్యను ఆది షమీర్ 1979లోను, ఒకరి గుట్టు ఒకరికి చెప్పకయే కలసి లెక్కవేయు విద్యను ఆండ్రూ యావో 1982లోను శాస్త్రముగ తీర్చినారు. తాళము వేసిన పెట్టెను తెరువకయే లోపలి సంఖ్యలను కూడి హెచ్చవేయు ఉపాయమును క్రెయిగ్ జెంట్రీ 2009లో చూపినాడు. పనిచేయును గాని మిక్కిలి నెమ్మది.

ఇంత చేసినను ప్రశ్నలడుగు నేర్పుతో గుట్టు లాగవచ్చును. ఈ గ్రామమున మధుమేహము గలవారెందరని అడిగితిని, 41 అన్నారు. పాలకేంద్రపు ఇల్లాలిని విడిచి ఎందరని అడిగితిని, 40 అన్నారు. ఇక చెప్పవలసినదేమున్నది? ఈ ఎత్తుకు పైయెత్తు, జవాబులలో కొలిచి కలిపిన తప్పు. దీని మూలము 1965లో స్టాన్లీ వార్నర్ అను గణాంకవేత్త చెప్పిన ఉపాయము. దానినుండి వచ్చిన ఒక రూపమున, సిగ్గుపడదగిన ప్రశ్న అడుగునపుడు నాణెము ఎగురవేయుమందురు. బొమ్మ పడినచో నిజము చెప్పవలెను. బొరుసు పడినచో మరల ఎగురవేసి, బొమ్మకు అవుననియు, బొరుసుకు కాదనియు చెప్పవలెను. వేయిమందిలో 300 మంది అవునన్నారనుకొనుడు. సుమారు 500 మందికి తొలుత బొరుసు పడియుండును. వారిలో 250 మంది ఊరకే అవునని యుందురు. మిగిలిన 50 మంది, నిజము చెప్పిన 500 మందిలోనివారు. అనగా నూటికి పదిమంది. సంఘము సంగతి తేలినది. అవునన్న ఏ ఒక్కనినైనను పట్టుకొని నీకు రోగమున్నదనుటకు మాత్రము వీలులేదు. 2006లో సింథియా డ్వర్క్ మొదలగువారు దీనిని డిఫరెన్షియల్ ప్రైవసీ యను పేర కచ్చితమైన గణితముగ మలచినారు. ధర్మరాజు కుంజరశబ్దమును మెల్లగా పలికి ఒక మనిషిని చంపించినాడు. ఈ కొలతవేసిన అసత్యము ఒక మనిషిని కాపాడుటకై పలుకబడును. ఉచితముగ రాదు సుమా: కలిపిన తప్పు ఎక్కువైన కొలది గోప్యత పెరుగును, ఫలితము మసకబారును. చిన్న సమూహములకు, అరుదైన వ్యాధులకు ఈ మసక మరింత బాధించును. ఎంత మసక సహింతుమన్నది లెక్క తేల్చు మాట కాదు, మనుష్యులు కూర్చుండి తేల్చుకొనవలసిన మాట.

చట్టము సంగతి క్లుప్తముగ చెప్పుదును. గోప్యత ప్రాథమికహక్కని 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ తీర్పు చెప్పినారు. 2023లో వ్యక్తిగత సమాచారరక్షణచట్టము వచ్చినది. నియమములు 2025 నవంబరులో వెలువడినవి. కేంద్రము నిషేధించిన దేశములకు తప్ప తక్కినచోట్లకు సమాచారము పంపవచ్చునని దాని పద్ధతి. పరిశోధనకు, గణాంకములకు, ఏ వ్యక్తిపైనను నిర్ణయము తీసికొననంతవరకు, షరతులతో మినహాయింపు కలదు. విదేశీయులతో కలసి చేయు వైద్యపరిశోధనలను ఆరోగ్యశాఖ పరిశీలకసంఘము ముందుంచు ఆచారము ఇంతకంటె చాల పాతది. ఇవి అవసరములే. కాని సరిహద్దు కాపలాయే గోప్యత యనుకొనుట పొరపాటు. గుట్టు తెలిసిన పొరుగువాడే పల్లెలోని మనిషికి ఎక్కువ భయము, లండనులోని పండితుడు కాడు.

పంపినవానికి తిరిగివచ్చునదేమి యన్న ప్రశ్న కూడ గోప్యతతో పాటే పుట్టినది. పక్షిజ్వరపు క్రిములను మేము పంపుదుము, వానితో చేసిన టీకాలు మాకు కొనశక్యముగాని వెలకు అమ్ముదురా యని 2007లో ఇండోనేషియా ప్రపంచారోగ్యసంస్థకు నమూనాలను నిలిపివేసినది. నాలుగేండ్ల వాదోపవాదముల తరువాత, 2011లో ఇచ్చిపుచ్చుకొను ఒడంబడిక కుదిరినది. పేరును కాపాడినాము గదాయని చేతులు దులుపుకొను పరిశోధకుని చూచి పల్లెలోని తల్లి, మరి నా బిడ్డ రక్తపరీక్ష ఫలితమేది యని అడుగుటకు పూర్తిగా హక్కు కలది.

బేగంపేటలో ఆ రోగికి ముట్టినది పది అణాలు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము ముట్టినది. ఆ రోగి పేరు నేను ఈ వ్యాసమున ఎక్కడను వ్రాయలేదు. గోప్యతను గూర్చి ఇన్ని పుటలు వ్రాసి ఆ పేరు వ్రాయుటకు చేయి రాలేదు. వ్రాసియున్నచో ఆతడు సంతోషించునో యేమో, మలేరియా గుట్టు విప్పిన నెత్తురు నాదియేనని మనుమలకు చెప్పుకొనవలెనని యుండునో యేమో. 1897 ఆగస్టులో, దోమతెరను దించుటకు ముందు, ఎవరైనను ఆతనిని అడిగియుండవలసినది.